తోటలో బొమ్మలం కాము

కర్నూలు నుంచి నంద్యాలకు పోయే రోడ్డు మీద ఇరవై కిలోమీటర్లు దాటినాక ఓర్వకల్లు రాళ్ళు కనపడతాయి. పోయిన చలికాలంలో మా బడి పిల్లల్ని అక్కడికి తీసుకొని పోయినాను. ఎక్కువ మంది సుగాలి తాండాల పిల్లలు. కొందరు ఎరుకల పిల్లలు. ఇద్దరు నల్లమల నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటున్న చెంచు పిల్లలు. నడుమ నీటి మడుగు, చుట్టూ గాలీ వానా ఎండా కలిసి లెక్కలేనన్ని ఏళ్ళు చెక్కిన రాళ్ళు. ఎవరూ అడగకుండానే పిల్లలు వాటికి పేర్లు పెట్టడం మొదలుపెట్టినారు. ఇది తాబేలు. అది పడుకున్న ఎనుము. ఆ పైనున్నది పుట్ట, దానికి రెండు నోళ్ళు. చెంచు పిల్లవాడు ఒక రాతి కొమ్ము కింద చూపించి, “అది తేనెపట్టు సార్, సగం కోసి సగం విడిచిపెట్టినారు” అన్నాడు. అంతవరకు నాకక్కడ ఒట్టి పగులే కనపడింది. వాడు చెప్పినాక పట్టు కనపడింది.

తిరుగు దారిలో టీ తాగుదామని రోడ్డు పక్కన ఒక హోటల్ దగ్గర బస్సు ఆపినాము. పేరు చెప్పను, అట్లాంటివి ఇప్పుడు ప్రతి ఊరి బయటా ఉన్నాయి. ముందర పచ్చగడ్డి తోట. తోటలో సిమెంటు బొమ్మలు. అద్దాల పావడా, చేతి నిండా గాజులు, నెత్తిన కుండతో ఒక లంబాడీ ఆడమనిషి. కుండలోంచి మోటారుతో నీళ్ళు కిందకు పడుతున్నాయి. పక్కన విల్లు పట్టుకున్న చెంచు. ఒళ్ళంతా నల్ల పెయింటు, కళ్ళు మాత్రం తెల్లగా గుడ్లు మిటకరించి. జనం ఆ ఇద్దరి భుజాల మీద చేతులేసి ఫోటోలు దిగుతున్నారు. రాళ్ళ దగ్గర అంతగా గోల చేసిన పిల్లలు ఇక్కడ నోరు విప్పలేదు. చివరికి ఏడో తరగతి పాప ఒకతె నా పక్కకొచ్చి అడిగింది: “సార్, ఆమె మా అవ్వ మాదిరుంది. ఆ కుండ ఎప్పుడు దించుతాది?”

నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆ పాపకు బాకీ.

తోటలో మనిషి బొమ్మను నిలబెట్టడం కొత్త పని కాదు. అమెరికాలో తెల్లవాళ్ళ ఇళ్ళ ముందు గడ్డిలో నల్లవాడి బొమ్మ ఒకటి నిలబెట్టేవాళ్ళు. గుర్రాలు చూసే పనివాడి బట్టలు, చేతిలో లాంతరు, లేకుంటే గుర్రాన్ని కట్టేయడానికి ఇనుప ఉంగరం. బానిసత్వం రద్దయినాక కూడా ఆ బొమ్మ గడ్డిలోంచి కదల్లేదు. నల్లవాళ్ళు హక్కుల కోసం లేచి నిలబడినాకనే దాని యజమానులకు సిగ్గు పుట్టింది. కొందరు బొమ్మను తీసేసినారు, కొందరు దాని ముఖానికి తెల్లరంగు పూసి దాచుకున్నారు. ఆస్ట్రేలియాలో కూడా ఇరవయ్యో శతాబ్దం నడుమ ఈటె పట్టుకొని నిలబడిన ఆదివాసి మనిషి సిమెంటు బొమ్మ ఎన్నో ఇళ్ళ ముందర ఉండేది. ఆ ఇళ్ళు కట్టిన నేల ఎవరిదో, వాళ్ళే ఆ తోటలో అలంకారమైనారు.

మన సంగతి వేరా? 1871లో బ్రిటిష్ వాళ్ళు నేరస్థ జాతుల చట్టం తెచ్చినారు. 1911 తర్వాత అది మద్రాసు రాష్ట్రానికి కూడా వచ్చింది, కర్నూలు అప్పుడు ఆ రాష్ట్రంలోదే. ఎరుకల మనిషి ఊరు దాటాలంటే పోలీసుకు చెప్పి పోవాల. రాత్రి హాజరు వేయించుకోవాల. ఆ చట్టం 1952లో పోయింది. మనుషుల చూపు అంత తొందరగా పోలేదు. నిజమైన లంబాడీ అవ్వ అదే హోటల్ గేటు దగ్గర నీడకు కూర్చుంటే వాచ్‌మన్ లేవగొడతాడు. సిమెంటు అవ్వకు మాత్రం రోజూ నీళ్ళు పట్టి కడుగుతాడు. మనల్ని మనుషులుగా లోపలికి రానీయని చోట బొమ్మలుగా నిలబెడితే దాన్ని గౌరవం అనుకోవాలంట. నేను అనుకోను. మీరూ అనుకోవద్దు.

ఇంతవరకు మనలో ఎక్కువ మంది ఒప్పుకుంటారు. ఇక్కడినుంచి చెప్పేదే కొంచెం గుచ్చుకుంటుంది.

సిమెంటు బొమ్మ ఇప్పుడు పాతబడిపోతూ ఉంది. డబ్బున్నవాళ్ళ తోటల్లోకి కొత్త సరుకు వచ్చింది. చేత్తో చేసిన టెర్రకోట, అంటే కాల్చిన మట్టి. మనిషి బొమ్మలుండవు. ప్రకృతి రూపాలుంటాయి. పుట్ట ఆకారంలో దీపం గూడు, సొరబుర్ర ఆకారంలో ఎత్తయిన కూజా, పగిలిన కాయ లాంటి తొట్టి, గిజిగాడి గూడు లాంటి వేలాడే బొమ్మ, తేనెపట్టు గళ్ళున్న గోళం. చూడటానికి బాగానే ఉన్నాయి, అబద్ధం చెప్పను. పట్నంలో ఒక దుకాణంలో పుట్ట బొమ్మ ఒకటి ఎత్తి చూసినాను. మెడలో అట్ట ముక్క వేలాడుతూ ఉంది. దాని మీద ‘ట్రైబల్ ఆర్గానిక్’ అని రాసి ఉంది. ఎవరు చేసినారని అడిగినాను. “వెండర్ పంపిస్తాడు సార్” అన్నాడు దుకాణం పిల్లవాడు. ఏ ఊరు? తెలియదు. ఏ తెగ? తెలియదు. ట్రైబల్ అని ఎందుకు రాసినారు? “అట్ల రాస్తే పోతుంది సార్.”

ఆ అట్ట ముక్కలో రెండు దొంగతనాలున్నాయి.

మొదటిది కుమ్మరి మీద జరిగింది. ఆ బొమ్మ కట్టిన తీరు చూస్తే అది సారె మీద చెయ్యి తిరిగిన మనిషి పని. చిత్తూరు జిల్లా పలమనేరు వైపు మట్టి పని పేరుపొందినది. అట్లాంటి చోట ఏ కుమ్మరి ఇంట్లోనో పుట్టి ఉంటుంది. ఆయన పేరు చెరిపేసి మన పేరు అంటించినారు. మన పేరు వాడుకున్నారు కదా అని మనం సంబరపడటం నీతి కాదు. మన పని కానిదాన్ని మనదని చెప్పుకొనే అవసరం మనకు లేదు.

రెండోది మన మీద జరిగింది. ‘ప్రకృతి నుంచి పుట్టిన రూపం’ అంటారు. ప్రకృతి రూపాన్ని ఇస్తుంది సరే, దాన్ని చూసేది ఎవరు? పుట్టలో గాలి ఏ దారిలో తిరుగుతుందో, ఏ పుట్ట బతికినదో ఏది చచ్చినదో, ఏ పుట్టమన్ను పొయ్యి పెట్టడానికి నిలుస్తుందో మా అమ్మలకు తెలుసు. కొండ కొమ్ము నుంచి తాడుకు వేలాడి తేనె తీసే చెంచు మనిషికి పట్టు ఎట్లా బరువు పట్టుకొని వేలాడుతుందో చేతి లెక్కగా తెలుసు. బుట్ట అల్లే ఎరుకల అమ్మకు ఈత మట్ట ఎక్కడ వంగుతుందో, ఎక్కడ విరుగుతుందో తెలుసు. తరతరాలుగా చూసి చూసి నేర్చుకున్న ఈ చదువుకు అట్ట ముక్క మీద ‘ఆర్గానిక్’ అనే ఒక్క మాట మిగిలింది. రూపం తోటలోకి పోయింది. రూపాన్ని చూసిన కన్ను తాండాలోనే ఉండిపోయింది, కూలికి పోతూ.

ఇది ఒట్టి బాధ పడే విషయం కాదు, చట్టంలో ఉన్న విషయం. 2006 అటవీ హక్కుల చట్టం అంటే మనవాళ్ళకు పోడు పట్టా ఒక్కటే గుర్తుంటుంది. అదే చట్టంలో సెక్షన్ 3(1)(కె) కూడా ఉంది. జీవవైవిధ్యానికీ సాంస్కృతిక వైవిధ్యానికీ సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద, మేధోసంపత్తి మీద అడవిలో బతికే సముదాయానికి సామూహిక హక్కు ఉందని అది చెబుతుంది. నల్లమల చెంచు పెంటల్లో ఎంతమందికి ఈ మాట చేరింది? బడుల్లో పాఠం చెప్పే మనం ఎంతమందిమి చదివినాము? టీచర్లను నిష్ఠూరంగానే అడుగుతున్నాను, నన్ను కూడా కలుపుకొని.

ఇప్పుడు నా మాట చెబుతాను. తోటలో బొమ్మగా నిలబడటాన్ని ఎంత గట్టిగా కాదంటానో, తోటకు బొమ్మ చేసే పనిని అంత గట్టిగా మన పిల్లలు అందుకోవాలంటాను. పుట్ట, పట్టు, బుర్ర, గూడు, కాయ, ఉడుము, అలుగు, తాబేలు. ఈ రూపాలు చేతికి రావాల. కింద మన పేరుండాల. ధర మనం చెప్పాల.

ఈ మాట అనగానే మనవాళ్ళ నుంచే మూడు అడ్డు మాటలు వస్తాయి. మూడింటికీ జవాబు చెప్పాల్సిందే.

మొదటి మాట: “మట్టి పని మన కులవృత్తి కాదు కదా, కుమ్మరి వాళ్ళది.” సారె కుమ్మరిది, నిజమే. మట్టి ఒక్కరిది కాదు. తీజ్ పండుగ గుర్తు తెచ్చుకోండి. తొమ్మిది రోజులు పెళ్ళి కాని ఆడపిల్లలు బుట్టల్లో పుట్టమన్ను పోసి గోధుమ మొలకలు పెంచుతారు. గణగోర్ నాడు మట్టితో ఆడ, మగ బొమ్మలు చేస్తారు. ఆ బొమ్మలు చేసిన వేళ్ళు ఎవరివి? మా యాడి పొయ్యి పెట్టేటప్పుడు తడిచేత్తో దాని అంచును ఎట్లా నునుపు చేసేదో ఇప్పటికీ కళ్ళ ముందుంది. దేశంలో తిరిగి చూడండి. మణిపూర్‌లో లోంగ్‌పి అనే ఊరుంది. అక్కడ తంగ్‌ఖుల్ నాగాలు సారె లేకుండా, రాతి పొడి మట్టిలో కలిపి, చేత్తోనే నల్లటి కుండలు చేస్తారు. నీలగిరుల్లో కోతా తెగలో కుండలు చేసేది ఆడవాళ్ళే. ఆదివాసి చేతికి మట్టి పరాయిది కాదు.

కుమ్మరికీ ఆదివాసికీ మధ్య పాత చుట్టరికం కూడా ఉంది. బస్తర్‌లో కుమ్మరులు మట్టి ఏనుగులు, గుర్రాలు చేస్తే ఆదివాసులు మొక్కుబడిగా తీసుకుపోయి తల్లి గుడి దగ్గర పెడతారు. రాజస్థాన్‌లో మోలేలా అనే ఊరి కుమ్మరులు దేవతల మట్టి పలకలు చేస్తే భిల్లులు ఎంతో దూరం నుంచి నడిచొచ్చి కొనుక్కుపోతారు. ఏ దేవుడికి ఏ గుర్తు ఉండాలో ఆదివాసికి తెలుసు, అది మట్టిలో నిలబెట్టడం కుమ్మరికి తెలుసు. రెండు జ్ఞానాలు ఎదురెదురుగా కూర్చుని చేసిన పని అది. మోలేలా పనికి ఇప్పుడు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మనకు కావలసింది అట్లాంటి పొత్తు. ఒకరి పేరు ఇంకొకరు తినే బేరం వద్దు.

మన సీమ నేలకు కూడా ఇది కొత్త కాదు. కడప జిల్లా శంఖవరంలో బృహత్‌శిలాయుగపు మట్టి శవపేటిక ఒకటి దొరికింది. జంతువు ఆకారంలో చేసి కాల్చినది. రెండు వేల ఏళ్ళకు పైబడిన పని. చచ్చిన మనిషిని ఒక జీవి కడుపులో పెట్టి సాగనంపాలని అనుకున్నవాళ్ళు ఇక్కడి మనుషులే. బనగానపల్లె దగ్గర పాతపాడులో అంతకంటే పాత కాలపు రంగు గీతల కుండ పెంకులు బయటపడినాయి. ఓర్వకల్లుకు దగ్గరలోనే కేతవరం రాళ్ళ మీద ఆదిమ కాలపు చిత్రాలున్నాయి. ఆనాటి వాళ్ళు ఏ తెగవాళ్ళో నేను చెప్పబోవడం లేదు. రాయిలో, మట్టిలో ప్రాణమున్న రూపాన్ని చూసే కన్ను ఈ ఎండ నేలలో ఎప్పటినుంచో ఉందని మాత్రం చెబుతున్నాను.

రెండో మాట: “పిల్లలు పుస్తకం పట్టుకోవాల, మళ్ళీ మట్టిలోకి దించుతావా?” ఇది చదువుకున్న మనవాళ్ళు అనే మాట. దీని వెనక ఉన్న భయం నాకు తెలుసు. మన తాతలు మట్టి తవ్వి తవ్వి చచ్చినారు, మనమన్నా చొక్కా నలగకుండా బతకాలనే ఆశ. ఆ ఆశను నేను ఎగతాళి చేయను. కానీ అడుగుతాను. ఇదే మట్టిని పట్నం పిల్లలు కళాశాలల్లో ఫీజు కట్టి నేర్చుకుంటే అది డిజైన్, మన పిల్లలు పట్టుకుంటే వెనకబాటు ఎట్లా అవుతుంది? ఆవంలో ఏమి జరుగుతుందో చెప్పడానికి రసాయనశాస్త్రం కావాల. ధర లెక్క కట్టడానికి గణితం కావాల. హక్కు అడగడానికి చట్టం చదవాల. పుస్తకం విడిచిపెట్టమని ఎవరన్నారు? పుస్తకంలో ఉన్నది చేతికి రానీయమంటున్నాను. చండీగఢ్‌లో నేక్ చంద్ అనే రోడ్డు ఇన్‌స్పెక్టర్ 1957లో పగిలిన పింగాణీ, గాజులు, రాళ్ళు ఏరుకొచ్చి ఎవరికీ తెలియకుండా తోట కట్టడం మొదలుపెట్టినాడు. 1976లో అది జనం కోసం తెరుచుకుంది. ఆయన ఏ కళాశాలలోనూ శిల్పం చదవలేదు. అది మనిషి కట్టిన రాక్ గార్డెన్. మన ఓర్వకల్లుది గాలీ వానా కట్టిన రాక్ గార్డెన్. దాని పక్కనే పుట్టిన పిల్లలకు కన్ను లేదని ఎట్లా అంటాము?

మూడో మాట: “మట్టి పగిలిపోతుంది, సిమెంటు నిలుస్తుంది.” పగులుతుంది. మేము పగలగొట్టుకున్నాము కూడా.

ఓర్వకల్లు నుంచి వచ్చినాక పిల్లలతో పుట్ట బొమ్మ చేయించినాను. మోకాలెత్తు. నల్లరేగడి తెచ్చి, పిసికి, గట్టిగా ముద్ద పెట్టి, పైన నోళ్ళు తొలిచినాము. రెండు రోజులు ఎండలో పెట్టి, బడి వెనక పిడకలు పేర్చి కాల్చినాము. అరగంటకు తుపాకీ పేలినట్టు చప్పుడు. పుట్ట ముక్కలు ముక్కలైంది. పిల్లలు నవ్వినారు, నాకు తల కొట్టేసినట్టయింది. పక్క ఊళ్ళో ముసలి కుమ్మరి తాత ఉన్నాడు. సారె ఆపేసి చాలా ఏళ్ళయింది. ఆయన దగ్గరికి పెంకులు పట్టుకొని పోయినాము. పెంకును గోటితో గీకి చూసి అన్నాడు: “ఏం అయివారూ, పుట్ట అన్నారు, పుట్ట కడుపు ఎప్పుడన్నా చూసినారా? లోపల ఖాళీ కదా. మీరు కడుపు నింపి కాల్చితిరి.”

అంతే సంగతి. లావుగా ఉన్న మట్టి లోపల తడి ఆరదు. నిప్పు తగలగానే ఆ తడి ఆవిరై, బయటికి దారి లేక బొమ్మను చీలుస్తుంది. పుట్ట రూపాన్ని చూసినాము కానీ పుట్ట కట్టుబడిని చూడలేదు. తాత మూడు నెలలు ప్రతి శనివారం బడికి వచ్చినాడు. ఆయన నేర్పినదంతా ఇక్కడ పెడుతున్నాను, టీచర్లకు పనికొస్తుంది.

నల్లరేగడి ఒక్కటే పనికిరాదు. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకొని బీటలు కొడుతుంది. చెరువు అడుగు మట్టి తెచ్చి, రాళ్ళు ఏరి, నానబెట్టి, గుడ్డలో వడగట్టి, దానికి సన్న ఇసుక, పాత కుండ పెంకుల పొడి కలపాల. పెంకుల పొడి ఒకసారి కాలినది కాబట్టి మళ్ళీ ముడుచుకోదు, బొమ్మను పట్టి నిలుపుతుంది. మట్టిని తాడు మాదిరి పేని, వలయం మీద వలయం పేర్చుకుంటూ పైకి పోవాల. అంచు వేలి మందం దాటకూడదు. ఒక్క రోజులో ఎత్తు లేపితే కింద కుంగుతుంది. రోజుకు జానెడు చాలు, మిగతాది తడిగుడ్డ కప్పి పెట్టాల. లోపలి గాలి పోవడానికి ఎక్కడో ఒక రంధ్రం విడవాల. ఎండలో కాదు, నీడలో ఆరబెట్టాల. మన ఎండలకు పైపొర ముందు ఆరి లోపలిది పచ్చిగా ఉంటే అక్కడే చీలిక. చిన్న బొమ్మకు వారం, పెద్దదానికి మూడు వారాలు. బుగ్గకు ఆనిస్తే చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. ఆవంలో మొదట సన్న సెగ, తర్వాతే మంట. గాలి బాగా ఆడితే మట్టిలోని ఇనుము ఎర్రగా మారుతుంది. చివర్లో ఊక పోసి, మట్టి కప్పి, పొగ మూసేస్తే బొమ్మ నల్లగా వస్తుంది. రంగు డబ్బా అక్కర్లేదు.

ఇట్లా చేసిన రెండో పుట్ట పగల్లేదు. బడి ముందర వేపచెట్టు కింద బేతంచెర్ల నాపరాయి మీద నిలబడి ఉంది. రెండు వానాకాలాలు చూసిన కుండ తొట్టి మీ ఇంటి ముందరే ఉంటుంది, అడిగి చూడండి. చలిదేశాల్లో తోటలో మట్టిబొమ్మకు పెద్ద శత్రువు మంచు. మట్టి పీల్చుకున్న నీళ్ళు గడ్డకట్టి, ఉబ్బి, బొమ్మను లోపలినుంచి చీలుస్తాయి. అందుకే అక్కడివాళ్ళు చలికాలంలో వాటిని ఇంట్లోకి మోసుకుపోతారు. మన సీమలో నీళ్ళు గడ్డకట్టే చలి లేదు. ఏడాదికి సుమారు 670 మిల్లీమీటర్ల వాన, మిగతాదంతా ఎండ. కాల్చిన మట్టి బొమ్మకు ఇంతకంటే మంచి తోట ఎక్కడుంటుంది? అడుగున నీళ్ళు పోయే రంధ్రం పెట్టి, తడి నేల తగలకుండా రాయి మీద నిలబెడితే చాలు. ఒకవేళ పగిలినా ఆ పెంకు మళ్ళీ పొడై ఇంకో బొమ్మలోకి పోతుంది. పగిలిన సిమెంటు లంబాడీ అవ్వ మాత్రం చెత్తకుప్పలో పడి ఉంటుంది. ఆ బొమ్మ చెయ్యి విరిగి ఇనుప చువ్వ బయటికొచ్చి ఉండటం నేను చూసినాను. చూడలేక ముఖం తిప్పుకున్నాను.

ఇక చేయాల్సిన పనులు. మన యువకులతో మొదలుపెడతాను, ఎందుకంటే వేరేవాళ్ళను తిట్టడం సులభం.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఎవరైనా పిలిచి, తోటలో పెట్టడానికి ‘ట్రైబల్ లుక్’ బొమ్మ చేసివ్వమంటే, దానికి మోడల్‌గా నిలబడమంటే, ఒప్పుకోవద్దు. డబ్బు ఎక్కువ ఇస్తామన్నా వద్దు. మన అవ్వ తలమీద కుండ పెట్టి నిలబెట్టే చెయ్యి మనది కాకూడదు. గణగోర్ బొమ్మలు, మన దేవుళ్ళ గుర్తులు అమ్మకానికి పెట్టొద్దు. అవి తోట కోసం పుట్టలేదు. పుట్ట, పట్టు, బుర్ర, గూడు, ఇవి చేయండి. ప్రతి బొమ్మ అడుగున పచ్చిగా ఉన్నప్పుడే పేరు, తాండా పేరు, సంవత్సరం గీకండి. కుమ్మరి తాత చెయ్యి అందులో ఉంటే ఆయన పేరు కూడా గీకండి. పేరు లేని బొమ్మ ఎవరైనా ఎత్తుకుపోగలరు.

టీచర్లు శనివారం పూట పిల్లల్ని బయటికి తీసుకుపోండి. ప్లాస్టర్ అచ్చులు తెచ్చి, పోసి, రంగులు వేయించి ‘క్రాఫ్ట్’ అని రిజిస్టర్‌లో రాయకండి. ఒక పుట్టను, ఒక గూడును గంటసేపు చూడమనండి. బొమ్మ గీయమనండి. దాన్ని ఎవరు కట్టినారు, ఎందుకు అట్లా కట్టినారు అని అడగండి. ఊళ్ళో సారె ఆపేసిన ముసలాయన ఎక్కడైనా ఉంటే బడికి పిలిచి కుర్చీ వేయండి. మన పిల్లలకు ఆయన గురువు అని అందరి ముందర చెప్పండి. మన కళను ఒప్పుకోమని లోకాన్ని అడిగే ముందు పక్కవాడి కళను మనం ఒప్పుకోవాల.

ప్రభుత్వానికి, పర్యాటక శాఖకు ఒక మాట. ఓర్వకల్లు రాళ్ళు చూడటానికి జనం వస్తున్నారు. 2013లో బాహుబలి షూటింగ్ మొదలైంది ఈ రాళ్ళ మధ్యనే. 2021 నుంచి ఓర్వకల్లులో విమానాశ్రయం కూడా నడుస్తోంది. విమానం దిగినవాళ్ళకు ఆదివాసిని సిమెంటు బొమ్మగా చూపించొద్దు. ఆళ్ళగడ్డ రాతి శిల్పులకు భౌగోళిక గుర్తింపు ఇచ్చినట్టే, ఈ ప్రాంతపు మట్టి పనికి కూడా నిలబడే చోటు ఇవ్వండి. రాళ్ళ పక్కన ఒక ఆవం, నీడకు ఒక చావడి, కుమ్మరీ ఆదివాసీ కలిసి పనిచేసే బల్ల. అమ్మేది చేసినవాళ్ళే. ఓర్వకల్లు మండలం ఆడవాళ్ళు పొదుపు సంఘాలు కట్టి లెక్కలు తామే రాసుకొని దేశానికి చూపించినారు. లెక్క మాకు రాదు అనే సాకు ఈ మండలంలో చెల్లదు.

తోటలున్న పెద్దమనుషులకు కూడా ఒక మాట. మీ గడ్డిలో మట్టి పుట్ట పెట్టుకోండి, సంతోషం. కొనేముందు దాన్ని తలకిందులు చేసి అడుగు చూడండి. పేరు ఉంటే ధర ఇవ్వండి. పేరు లేకుంటే ఎవరిదని అడగండి. మీరు అడిగే ఒక్క ప్రశ్న అంగట్లో ఆ అట్ట ముక్కను మారుస్తుంది. మీ తోటలో విల్లు పట్టుకున్న నల్లటి మనిషి ఉంటే ఈ ఆదివారమే తీసేయండి. ఆయన స్థానంలో ఆయన మనవరాలు చేసిన తేనెపట్టును పెట్టండి.

ఆ పాప ఇప్పుడు ఎనిమిదో తరగతి. బడి ముందర వేపచెట్టు కింద ఉన్న పుట్టకు నోళ్ళు తొలిచింది ఆమే. అడుగున నాలుగు పేర్లు గీకి ఉన్నాయి, తాత పేరుతో కలిపి. మొన్న ఒక కొత్త బొమ్మ మొదలుపెట్టింది. సొరబుర్ర రూపంలో కుండ. తాడు మాదిరి పేనిన వలయాలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతోంది. దీన్ని ఎవరి నెత్తిన పెడతావమ్మా అని ఊరికే అడిగినాను. తలెత్తకుండానే చెప్పింది:

“ఎవరి నెత్తినా కాదు సార్. నేల మీదే.”